ఎక్స్‌పోర్ట్ కటింగ్ అయ్యాక మిగిలిన కాయ ఎవరు కొంటారు? (జీ-9 రకం అరటి, అనంతపురం జిల్లా పుట్లూరు)

పుట్లూరు_మూడెకరాలు
నాది మూడెకరాల జీ-9, మొదటి పంట. ఎక్స్‌పోర్ట్ వాళ్ల మనిషి తోట చూసి "కాయ బాగుందన్నా, లోకల్ కంటే టన్నుకు నాలుగు వేలు ఎక్కువ ఇస్తాం" అన్నాడు. సరే అన్నా. కటింగ్ రోజు వాళ్ల కూలీలే వచ్చారు. గెల దించారు, నచ్చిన హస్తాలు (గెలలో ఒక్కో వరస కాయలు) తీసుకున్నారు, కింది హస్తాలు పక్కన పడేశారు. మచ్చ ఉందని కొన్ని గెలలు ముట్టుకోనే లేదు. పొద్దు మునిగేసరికి గట్టు మీద కుప్ప. లోకల్ వ్యాపారికి ఫోన్ చేస్తే "మంచిదంతా వాళ్లకిచ్చి ఎంగిలి నాకా?" అని సగం రేటు చెప్పాడు. ఆగుదామంటే ఎండకు పండిపోతుంది. ఇచ్చేశా. అంతా కలిపి చూస్తే, తోట మొత్తం లోకల్‌కే ఇచ్చి ఉంటే ఎంత వచ్చేదో దాదాపు అంతే వచ్చింది.

మధ్యలో వీళ్లెవరూ లేకుండా మనమే దుబాయ్‌కి పంపే దారి ఉందా? ఎగుమతికి కావాల్సిన ఐఈసీ కోడ్ ఐదు వందలకే వస్తుందట. చేసినవాళ్లు చెప్పండి. యూట్యూబ్ లింకులు మాత్రం వద్దు, అవన్నీ చూసేశా.

రేటు_ఎంత
ఈరోజు తాడిపత్రి సైడు లోకల్ రేటు ఎంత?

లింగాల_తోట
కోడ్ వస్తుందప్పా, అదేం పెద్ద పని కాదు. ఆన్‌లైన్‌లో కట్టేస్తే వచ్చేస్తుంది. ఆ తర్వాత అపెడాలో (పంటల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్. అదీ వస్తుంది. కంటెయినరే నిండదు. 40 అడుగుల రీఫర్‌లో (చల్లటి కంటెయినర్) 13 కిలోల పెట్టెలు 1540 పడతాయి, అంటే 20 టన్నులు. అదంతా ఒకే వయసు కాయ అయ్యుండాలి, ఒకటి రెండు రోజుల్లో నిండాలి. మూడెకరాల తోటలో ఒక్క కటింగ్‌కు అంత కాయ యాడ దొరుకుతుంది?

పుట్లూరు_మూడెకరాలు
ఎకరాకు ముప్పై టన్నులు వస్తుంది కదన్నా. మూడెకరాలంటే తొంభై.

లెక్కల_మాస్టారు
ఆ ముప్పై టన్నులు ఒక్క రోజు రావు కదా. ఎకరాకు 1250 మొక్కలు, గెల 25 కిలోలు అనుకుందాం. మొత్తం 31 టన్నుల చిల్లర. కానీ అన్ని గెలలూ ఒకే వారం పడవు, ఒక్కో కటింగ్‌కు 250 గెలలు సిద్ధంగా ఉంటే గొప్ప. అంటే 6 టన్నుల పైచిలుకు. అందులో ఎక్స్‌పోర్ట్‌కు నిలిచేది నూటికి అరవై అనుకున్నా 4 టన్నులు కూడా కాదు. ఒక్క కంటెయినర్‌కు కనీసం ఐదారు ఎకరాలు కావాలి, అదీ ఒకే పక్షంలో నాటినవి. మీ మూడెకరాలూ ఒకేసారి నాటారా?

పుట్లూరు_మూడెకరాలు
లేదు సార్. బోరు నీళ్లు చూసుకుంటూ ఎకరం ఎకరం నాటుకుంటూ పోయా.

చీనీ_మామ
అరటి వాళ్లకు దుబాయ్ కష్టాలు. మాకు మార్కెట్ యార్డు దాటితే చాలు. టన్ను చీనీ (బత్తాయి) పోస్తే "సూటు" అని ఒక క్వింటా వ్యాపారి లెక్కలో మాయం. ఎందుకంటే ఎవడూ చెప్పడు. తాతల నాటి నుంచి ఉందట. మా తాత కూడా ఇదే తిట్టాడు, నేనూ ఇదే తిడుతున్నా.

నార్పల_జీ9
మామా నీ చీనీ బాధ వేరే పోస్టు పెట్టు, ఇక్కడ అరటి నడుస్తాంది.

చీనీ_మామ
పెట్టినా. మూడు లైకులు వచ్చినాయి. రెండు మా ఇంటివే.

ప్యాకింగ్_అక్క
నేను కటింగ్ టీముల్లో ప్యాకింగ్ పని చేస్తా. తాడిపత్రి, నార్పల, సింహాద్రిపురం అన్నీ తిరుగుతాం. కాయ ఎందుకు పడేస్తారో రైతులకు ఎవరూ చెప్పరు, వినే ఓపిక కూడా ఆ రోజు ఎవరికీ ఉండదు. చెప్తా వినండి.

మేం పడేసేదాంట్లో సగానికి పైగా కాయ తప్పు కాదు. గీతలు. కాయ చివర ఎండిన పువ్వు ఉంటుంది కదా, అది ముల్లులా గట్టిపడి పక్క కాయల మీద గీసుకుంటుంది. గాలికి ఊగినప్పుడల్లా ఒక గీత. పువ్వు మెత్తగా ఉన్నప్పుడే చేత్తో గిల్లేస్తే అది రాదు. ఎండినాక లాగితే పాలు కారి ఇంకా పాడవుతుంది. రెండోది ఆకు రాపిడి. గెలకు తగిలే ఆకును పక్కకు కట్టేసినా చాలు, కొయ్యాల్సిన పని కూడా లేదు. మూడోది దించేటప్పుడు. మగవాళ్లు గెలను భుజాన వేసుకుని తెచ్చి నేల మీద పడేస్తారు. ఆ నల్ల దెబ్బ అప్పుడు కనపడదు. పెట్టెలో, చల్లదనంలో, అక్కడికి పోయాక తేలుతుంది. అందుకే మా మేస్త్రీ నేలకు తగిలిన గెలను చూసీ చూడగానే వద్దంటాడు.

ఈ అన్న తోటలో మచ్చ అని వదిలేసిన గెలలు పడమటి పక్క సాళ్లవి అయ్యుంటాయి. ఎండ కాల్చి ఉంటుంది. అవునా కాదా?

పుట్లూరు_మూడెకరాలు
అవునక్కా, పడమటి గట్టువే. చూసినట్టే చెప్పినావే!

ప్యాకింగ్_అక్క
అన్ని తోటల్లోనూ అదే కథన్నా. గెలకు కవర్ తొడిగితే పోయేది.

హార్టీ_బీఎస్సీ
ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేనో మాట కలుపుతా. హస్తాలన్నీ వదలొద్దు. పువ్వు విడవడం అయ్యాక కింద ఉన్న ఒకటి రెండు చిన్న హస్తాలు, మొగ్గ కలిపి కోసేయండి. బరువు తగ్గిపోతుందని అందరికీ టెన్షన్. పై హస్తాలకు బలం పోయి కాయ పొడవు, లావు వస్తాయి. గట్టు మీద కుప్ప పడింది ఆ కింది హస్తాలే కదా. అంతకాలం నీళ్లు, ఎరువు పెట్టి పెంచి చివరికి సగం రేటుకు అమ్మడం ఎందుకు?

నార్పల_జీ9
ఒప్పుకోను. ఎక్స్‌పోర్ట్ వాడు వస్తాడో రాడో తెలీకుండా ముందే హస్తాలు కోసుకుంటే, వాడు రాకపోతే లోకల్‌లో బరువు నష్టం నాది. లోకల్ వ్యాపారి గెల మొత్తం తూకం వేస్తాడు, ఎన్ని హస్తాలున్నాయో వాడికి పట్టదు. పోయిన ఏడు ఇరాన్ గొడవ అని ఒక్క బండి రాలేదు మా దిక్కు. ముందే కోసుకున్నోళ్ల పరిస్థితి ఏమైందో అడగండి.

లింగాల_తోట
నార్పల అన్న మాటలో న్యాయం ఉంది. అందుకే మేం సగం సాళ్లలోనే కోస్తాం. వాళ్లొస్తే ఆ సాళ్లు వాళ్లకు, మిగతావి లోకల్‌కు. రెండూ ఒకే తోటలో ఉంటే తేడా కళ్ల ముందే కనిపిస్తుంది కూడా.

ఇంకొకటి, తూకం సంగతి. లోకల్‌లో మా దగ్గర గెల కాడతో సహా కాటా మీద పెడతారు. ఎక్స్‌పోర్ట్‌లో కాడ తీసేసి హస్తాలే తూకం. కాడ బరువు గెలలో పదో వంతు దాకా ఉంటుంది. కాబట్టి "టన్నుకు నాలుగు వేలు ఎక్కువ" అంటే ఏ తూకం మీద ఎక్కువ? పుట్లూరు తమ్ముడూ, నువ్వు పోల్చిన రెండు రేట్లూ ఒకే తూకం మీదివి కావు.

పుట్లూరు_మూడెకరాలు
ఈ మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదన్నా.

లెక్కల_మాస్టారు
నేను కూడా మర్చిపోయిన లెక్క ఇది. లోకల్ 16 వేలు అనుకోండి, కాడతో. కాడ తీస్తే అదే దాదాపు 17,800 అవుతుంది. అంటే నాలుగు వేల తేడాలో పద్దెనిమిది వందలు మొదటి రోజే కాడలో పోయింది.

తాడిపత్రి_డ్రైవర్
రీఫర్ బండి నడుపుతా. ఇక్కడి నుంచి ముంబై పోర్టు. చెన్నై దగ్గర కదా అని అందరూ అడుగుతారు. గల్ఫ్‌కు ఓడలు ముంబై నుంచే తొందరగా పోతాయి, అంతే. డబ్బాలో 13 డిగ్రీలు పెట్టాలి. అంతకంటే బాగా తగ్గితే తొక్క మసకబారుతుంది, మాగినాక కూడా పసుపు రాదు. ఎక్కువైతే దారిలోనే పండు తిరుగుతుంది. ఒక్క కాయ పండు తిరిగితే ఆ వాయువుకు పక్కవన్నీ తిరుగుతాయి. ప్యాకింగ్ అక్కలు కోప్పడేది అందుకే, ఒక్క ముదురు కాయ పోతే 20 టన్నులకూ ప్రమాదం.

2020 జనవరిలో తాడిపత్రి స్టేషన్ నుంచి ముంబై పోర్టుకు అరటి రైలే పోయింది. 43 కంటెయినర్లు, 980 టన్నులు. జనం జాతరకు వచ్చినట్టు వచ్చారు చూడ్డానికి. మా డ్రైవర్లంతా ఇంక మన పని అయిపోయిందనుకున్నాం. ఇప్పటికీ నడుపుతూనే ఉన్నా.

అడుగంటిన_బోరు
అదే ఏడాది సెప్టెంబర్‌లో అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు కూడా. సగం చార్జీ రాయితీ ఉండేది. మా ఊరి టమాటా, చీనీ, అరటి అన్నీ ఎక్కించారు. ఎక్స్‌పోర్ట్ ఎక్స్‌పోర్ట్ అని కొట్టుకుంటున్నారు గానీ మన దేశం తినేదాంట్లో మూలకు కూడా రాదు ఈ గల్ఫ్. ఢిల్లీకి పువ్వులు గిల్లక్కర్లేదు, పటిక నీళ్లలో కడగక్కర్లేదు. చిన్న రైతుకు ఇది అనవసరమైన తద్దినం అని నా అభిప్రాయం.

కువైట్_కడప
అన్నా, నేను కువైట్‌లో పెద్ద సూపర్ మార్కెట్ గోడౌన్‌లో చేస్తున్నా. రాజంపేట దగ్గర మాది. ఇక్కడ ఫిలిప్పీన్స్, ఈక్వెడార్, మన కాయ పక్కపక్కనే దిగుతాయి. పెట్టె మీద ఎన్ని హస్తాలో రాసి ఉంటుంది, 4, 5, 6 అని. 5 అంటే అయిదు హస్తాలే ఉండాలి, అన్నీ ఒకే సైజు. ఫిలిప్పీన్స్ పెట్టె ఏది తెరిచినా ఒకేలా ఉంటుంది. మనది ఒక పెట్టె బంగారం, పక్క పెట్టెలో మెడ దగ్గర నల్లగా పాల మరక. మా సూపర్‌వైజర్ కాయ రుచి చూడడు, ఫోటో తీసి కంప్లయింట్ పెడతాడు. ఆ ఫోటో తిరిగి తిరిగి మన రైతు రేటులోనే కోత అవుతుంది.

రుచి మాత్రం మనదే. ఇంటికి నేను మనదే తీసుకుపోతా.

చీనీ_మామ
కువైట్‌లో చీనీ దొరుకుతుందా నాయనా?

కువైట్_కడప
దొరుకుతుంది, మీది కాదు. నున్నగా, మైనం పూసి, నారింజ రంగులో ఉంటాయి. మన చీనీ తొక్క పచ్చగా ఉంటే ఇక్కడోళ్లు పచ్చి కాయ అనుకుంటారు.

చీనీ_మామ
రసం పిండి చూపించు వాళ్లకు.

మోడరేటర్
ఫోన్ నంబర్లు, కంపెనీల పేర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. ఎవరు ఎవరిని మోసం చేశారన్నది ఇక్కడ తేలే పని కాదు. పేర్లు లేకుండా రాయండి.

దానిమ్మ_రాయదుర్గం
నా కేసు దానిమ్మ, భగువ రకం. గల్ఫ్‌కు కాయ అందం చాలు. యూరప్‌కు అందంతో పాటు ల్యాబ్ రిపోర్టు కావాలి. మందు అవశేషం ఎంత వరకు ఉండొచ్చో ఒక్కో మందుకు ఒక హద్దు. క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందుకు యూరప్‌లో 2020లో అనుమతి తీసేశారు, ఇప్పుడు హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే లేనట్టే లెక్క. నేను ఆ మందు నా తోటలో వాడనే లేదు. పక్క మిరప చేనాయన కొట్టినప్పుడు గాలి మా వైపు ఉంది. శాంపిల్‌లో పడింది. తోట మొత్తం లోకల్‌కు పోయింది. ఎవరి మీద అరవాలి? ఆయన తప్పూ లేదు, ఆయన పంటకు ఆయన కొట్టుకున్నాడు.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే ఆ హద్దున అవిసె చెట్లు ఒత్తుగా వేశా. ఆయన మందు కొట్టే ముందు ఫోన్ చేస్తాడు, పొద్దున్నే గాలి లేనప్పుడు కొడతాడు. బదులుగా మా పవర్ స్ప్రేయర్ ఆయనకు ఉచితం. దీన్ని టెక్నాలజీ అని ఎవరూ అనరు, కానీ నేను పెట్టిన డ్రిప్ కంటే ఇదే ఎక్కువ పని చేసింది.

నార్పల_జీ9
ఇది బాగుంది. పక్కోడితో మంచిగా ఉండటానికి కూడా సబ్సిడీ ఇస్తే బాగుండు.

బనగానపల్లె_బేనీషా
మామిడి సంగతి నేను చెప్తా. మా బనగానపల్లె మామిడికి 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. వచ్చిన రోజు మా ఊర్లో స్వీట్లు పంచారు. ఆ ఏడు రేటు రూపాయి పెరగలేదు. పేరు మనది అని చట్టం చెప్పింది, ఎవరూ వచ్చి కొనలేదు. మామిడికి అడ్డం పండు ఈగ. 2014లో మన మామిడిని యూరప్ ఆపేసింది ఆ ఈగ వల్లే. వేడి నీళ్ల పద్ధతి పెట్టినాక మళ్లీ తెరిచారు, 48 డిగ్రీల్లో గంటసేపు ముంచాలి. అమెరికాకు పోవాలంటే రేడియేషన్. జపాన్‌కు ఆవిరి. ఒక్కో దేశానికి ఒక్కో స్నానం. ఇవన్నీ నా నాలుగెకరాల తోటలో చేసుకునేవి కావు.

నేను చేసుకోగలిగింది కాయకు కాగితం కవర్ తొడగడం. నిమ్మకాయంత ఉన్నప్పుడు తొడుగుతాం. లోపల నల్ల కాగితం ఉన్న రకం. ఈగ రాదు, మంగు రాదు, కాయ లేత పసుపుగా మెరుస్తుంది. మా ఇంట్లో ఆడవాళ్లంతా నిచ్చెనలెక్కి తొడిగారు, మా అత్త మాత్రం కింది కొమ్మలే తొడుగుతానంది. ఆ కాయను ఎక్స్‌పోర్ట్ వాళ్లు తోట దగ్గరే ఏరుకుని తీసుకుంటున్నారు. వాళ్లు వదిలింది ఐదు కిలోల పెట్టెల్లో ఆర్టీసీ కార్గోలో హైదరాబాద్, బెంగళూరు పోతుంది. వదిలిన కాయే మంచి లాభం ఇచ్చిన ఏళ్లున్నాయి. కవర్ తొడిగిన కాయకు లోకల్‌లో కూడా ఎగబడతారు మరి.

అడుగంటిన_బోరు
అదే కదా నేను మొత్తుకునేది. చివరికి మిగిల్చింది మనూరి జనమే.

బనగానపల్లె_బేనీషా
కాదన్నా. ఎక్స్‌పోర్ట్ వాడి కోసం కాకపోతే కవర్ తొడిగేవాడినే కాదు.

మండీ_బాషా
నేను లోకల్ వ్యాపారిని. "ఎంగిలి" అన్నోడు నేను కాదు గానీ నేనైనా అదే అనేవాడిని. నా వైపు కూడా వినండి. నేను ఢిల్లీకి లారీ పంపాలంటే గెలలతో నింపాలి, పెద్దా చిన్నా కలిసి. మీరు పై హస్తాలు తీసేసి విడి హస్తాలు కుప్పగా పోస్తే నా లారీలో అవి నలిగిపోతాయి. విడి హస్తం నా వ్యాపారంలో పనికిరాని సరుకు. బెంగళూరు చిప్స్ వాళ్లకో, ఊళ్లో తోపుడు బండ్లకో ఇవ్వాలి. అందుకే సగం రేటు.

కావాలంటే ముందే పిలవండి. పొద్దున ఎక్స్‌పోర్ట్ కటింగ్ అంటే రాత్రే నాకు చెప్పండి. మచ్చ ఉన్న గెలలు కోయకుండా చెట్టుకే ఉంచండి, అవి నిండు గెలలుగా నేను తీసుకుంటా, రేటు తగ్గించను. కోసి పడేసినాక పిలిస్తే ఎట్ల?

లింగాల_తోట
బాషా భాయ్ ఇంత పద్ధతిగా మాట్లాడటం ఇదే మొదటిసారి.

మండీ_బాషా
పోయిన సీజన్ మీ పట్టీ డబ్బులు రోజు తప్పకుండా ఇచ్చినాను, అది కూడా చెప్పండి అందరికీ.

లింగాల_తోట
ఇచ్చినాడు. నిజమే.

యల్లనూరు_గుంపు
ఆలస్యంగా చూశా. మేం చిన్న రైతులం కొందరం కలిసి చేస్తున్నది రాస్తా. పెద్ద కంపెనీ ఏం కాదు, అందరివీ రెండు నుంచి నాలుగు ఎకరాలే. మొదట ఎఫ్‌పీఓ (రైతుల ఉత్పత్తి సంస్థ) అని రిజిస్టర్ చేద్దామా, సొంతంగా ఎక్స్‌పోర్ట్ చేద్దామా అని నెలలు వాదించుకున్నాం. చివరికి ఎక్స్‌పోర్ట్ జోలికి పోలేదు. కంటెయినర్ నింపి ఇచ్చే గుంపుగా మాత్రమే ఉన్నాం. ఓడ, బ్యాంకు, అక్కడి కొనేవాడు, ఆ తలనొప్పి కంపెనీదే. అవతల డబ్బులు ఆగిపోతే తట్టుకునే శక్తి మాకు లేదు.

మేం మార్చింది మూడు సంగతులు. మొదటిది, నాటేది ఒకే పక్షంలో. నీళ్లు చాలనోడు ఎకరమే నాటనీ, కానీ అదే పక్షంలో నాటాలి. టిష్యూ కల్చర్ మొక్కలు అందరికీ ఒకే ఆర్డరు, ఒకే బండి. రెండోది రిబ్బన్లు. గెల వేసిన వారాన్ని బట్టి రంగు. ఈ వారం ఎరుపు, వచ్చే వారం నీలం. ఎన్ని ఎరుపు కట్టామో నోటు పుస్తకంలో రాసుకుంటాం. ఎండాకాలంలో తొందరగా, చలికాలంలో ఆలస్యంగా కోతకు వస్తాయి, కానీ ఒక రంగువన్నీ దాదాపు కలిసి వస్తాయి. కాబట్టి రెండు నెలల ముందే "ఫలానా వారం మా దగ్గర ఇన్ని గెలలు" అని చెప్పగలం. ఆ మాట చెప్పగలిగిన రోజు నుంచే మాతో మాట్లాడే తీరు మారింది. అంతకు ముందు వాళ్లొచ్చి తోట చూసి రేటు చెప్పేవాళ్లు. ఇప్పుడు మేం ఫోన్ చేసి వారం చెప్తాం, ముగ్గురు రేటు పంపుతారు.

మూడోది మీరు అడిగిందే, మిగిలిన కాయ. కాగితం మీద రాసుకున్నాం. ఎక్స్‌పోర్ట్ వాళ్లకు మొదటి రెండు మూడు కటింగులు. చివరి కటింగ్, అంటే తోట ఊడ్చే కటింగ్, మొత్తం ఒకే లోకల్ వ్యాపారికి. ఆయనకు కావాల్సింది అదే, నిండు లారీ. దానికి బదులు ఆయన ముందు కటింగుల్లో మిగిలిన హస్తాలు కూడా ఆ రోజే ఎత్తుకోవాలి, లోకల్ రేటులో ముప్పావు వంతుకు తగ్గకుండా. చివరి కటింగ్ పోతుందన్న భయంతో మాట మీద ఉంటాడు.

మండీ_బాషా
ఆ వ్యాపారి ఎవరో గానీ మంచి బేరం ఆడినాడు. ఊడ్పు కటింగ్ నాకిస్తే నేనూ ఒప్పుకుంటా.

నార్పల_జీ9
ముగ్గురు రేటు పంపుతారు సరే. రేటు చెప్పి కటింగ్ రోజు "మార్కెట్ పడిపోయింది" అంటే?

యల్లనూరు_గుంపు
అంటారు. ఒకాయన అన్నాడు. బండి గేటు దగ్గర నిలబడి రెండు వేలు తగ్గించమన్నాడు. అందరం ఒక్క మాట మీద ఉండి కొయ్యలేదు. రెండో రోజు ఇంకొకరు వచ్చారు. ఒక్కడినే ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టక తెల్లారి ఒప్పుకునేవాణ్ణి. ఇప్పుడు కొంత అడ్వాన్స్ తీసుకోకుండా కూలీలను పిలవం.

హార్టీ_బీఎస్సీ
ఇంకో సంగతి, కాలం చూసుకుని నాటడం. గల్ఫ్‌లో రంజాన్‌కు ముందు అరటికి గిరాకీ. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి మూడో వారంలో మొదలైంది, 2027లో ఫిబ్రవరి రెండో వారానికి వస్తుంది. కాయ జనవరిలో ఓడెక్కాలి. అప్పుడు మహారాష్ట్ర జలగావ్ వైపు చలి ఎక్కువ, వాళ్ల కాయ దెబ్బతింటుంది. మన రాయలసీమ చలి అంత ఉండదు. ఇది మనకు దేవుడిచ్చిన సందు.

నార్పల_జీ9
సందే, కానీ మన చలికీ కాయ ఊరడం ఆలస్యం అవుతుంది. జనవరి అనుకున్నది ఫిబ్రవరి చివరకు పోతే పండగ గిరాకీ అయిపోయాక మన కాయ దిగుతుంది. అందరూ అదే లెక్క వేసి నాటితే రేటు కూడా పడుతుంది. టమాటాలో చూడలేదా?

హార్టీ_బీఎస్సీ
అందుకే రెండు వారాలు ముందుకు వేసుకోవాలి లెక్క. రేటు పడుతుందన్నది నిజమే, దానికి నా దగ్గర మందు లేదు.

లెక్కల_మాస్టారు
అవతల డబ్బులు ఆగితే అన్న యల్లనూరు మాటకు చిన్న చేర్పు. ఈసీజీసీ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1957 నుంచి. విదేశీ కొనుగోలుదారు డబ్బు ఇవ్వకపోతే ఎగుమతిదారుకు బీమా. ఎప్పుడైనా సొంతంగా పంపాలనుకుంటే ముందు ఐఈసీ కోడ్ కాదు, దీని ప్రీమియం ఎంతో, మీరు పంపే దేశానికి ఇస్తారో లేదో కనుక్కోండి.

పుట్లూరు_మూడెకరాలు
అందరికీ దండాలు. దుబాయ్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టా. నా పక్క పొలాల వాళ్లతో మాట్లాడినా. ఇద్దరు రిబ్బన్లకు సరే అన్నారు. కానీ నాది ఇప్పుడు పిలక పంట (కోసిన చెట్టు పిలకల నుంచి వచ్చే రెండో పంట), వాళ్లు కొత్తగా నాటుతారు. కలుస్తుందా?

హార్టీ_బీఎస్సీ
కష్టపడితే కలుస్తుంది. తల్లి చెట్టు చుట్టూ వచ్చిన పిలకలన్నీ కోసేస్తూ ఉండండి. మీకు కావాల్సిన పక్షంలో ఒకే ఎత్తున్న సూది పిలక (సన్నటి ఆకులున్నది) ఒక్కటి వదలండి, తోట అంతటా అదే పక్షంలో. మొదటి పంటంత సమానంగా రాదు. పిలక పంటను ఎక్స్‌పోర్ట్ వాళ్లు కొంచెం తక్కువగా చూస్తారు కూడా. మీ పక్క పొలాల వాళ్లు నాటిన రెండు మూడు నెలలకు మీరు పిలక వదిలితే కోత దగ్గర దగ్గరగా పడుతుంది.

పుట్లూరు_మూడెకరాలు
దించేటప్పుడు నేలకు తగలకుండా ఏం చేస్తారు? రోప్‌వే (గెలలను తీగకు వేలాడదీసి తెచ్చే ఏర్పాటు) పెట్టాలంటే మూడెకరాలకు దండగ.

యల్లనూరు_గుంపు
రోప్‌వే మాకూ లేదు. పాత పరుపుల స్పాంజి కొని ముక్కలు చేసి భుజాలకు ఒకటి, ట్రాలీలో అడుగున ఒకటి. ఇద్దరు మనుషులు, ఒకరు కోస్తే ఒకరు భుజాన పట్టాలి. గెల వాలక ముందే కింద భుజం ఉండాలి. గెలలో హస్తాల మధ్య పలచని ఫోమ్ షీటు దూర్చి ట్రాలీలో నిలువుగా నిలబెడతాం, పడుకోబెట్టం. కూలీలకు మొదట్లో నవ్వులాట. ఇప్పుడు స్పాంజి లేకుంటే వాళ్లే "మొయ్యం" అంటారు, భుజం నొయ్యదు కదా.

చీనీ_మామ
మా ఇంట్లో ఒక పాత పరుపు ఉంది, కావాలంటే తీసుకుపోండి. మా ఆవిడ ఒప్పుకుంటే.

తాడిపత్రి_డ్రైవర్
ఇంకోటి. రీఫర్ బండి తోట దాకా వచ్చే దారి ఉందో లేదో చూసుకోండి. వాన పడితే నల్లరేగడిలో దిగబడిపోతాం. డబ్బాను చల్లగా ఉంచే జెన్‌సెట్ నడుస్తూనే ఉండాలి, డీజిల్ కాలుతూనే ఉంటుంది. ట్రాక్టర్లతో రోడ్డు మీదికి తెస్తే మేలు.

ప్యాకింగ్_అక్క
పుట్లూరు అన్నా, ప్యాకింగ్ నీ తోటలోనే పెట్టుకుంటారా, షెడ్డుకు తోలుతారా? తోటలోనే అయితే నీడ ఉందా? కడగడానికి నీళ్లు ఎట్లాంటివి?

పుట్లూరు_మూడెకరాలు
రెండు వేపచెట్లు ఉన్నాయక్కా, వాటి కింద తార్పాలిన్ తొట్టె కడదామనుకుంటున్నా. నీళ్లు బోరువే. కాస్త ఉప్పు.

ప్యాకింగ్_అక్క
కాస్త అంటే ఎంత? బిందెకు తెల్ల పొర కడుతుందా? కడితే ఆ నీళ్లు వద్దు. కాయ ఆరినాక తెల్ల చార మిగిలిపోతుంది, తుడిస్తే గీతలు పడతాయి. మొదటి తొట్టె, పాలు కారే తొట్టె, బోరు నీళ్లతో పెట్టుకో పటిక వేసి. రెండోదానికి మాత్రం ట్యాంకర్ తెప్పించు. ఒక్క ట్యాంకర్ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వస్తుంది, తర్వాత నీళ్లు మార్చాల్సిందే.